కాటా చీటీకి ఒక కిటికీ

(తిరుపతిలో ఒక ఆదివారం సాయంత్రం వెబ్ డెవలపర్లు, ఇంజినీరింగ్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినిపిస్తోందా? సరే, ఆ ఫ్యాన్ ఒక్కటి ఆపేయండి, మిగతావి ఉండనివ్వండి.

2025 మామిడి సీజన్ మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. తోతాపురి ధర పడిపోయింది. గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి నిలబడ్డాయి. కిలోకి 12 రూపాయలు అందాలని, అందులో 8 ఫ్యాక్టరీ ఇవ్వాలని, 4 ప్రభుత్వం ఇస్తుందని చెప్పారు. ఆ రోజుల్లో చిత్తూరు దగ్గర ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో నేను పనిమీద కూర్చుని ఉన్నాను. వాళ్ల కాగితాలను స్కాన్ చేసి దాచే డాక్యుమెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ మేమే పెట్టాం, బ్యాకప్ సరిగ్గా పడుతోందా లేదా చూడటానికి వెళ్లాను. మాటిమాటికీ అంత పేరు ఎందుకు, డీఎంఎస్ అనుకుందాం.

కిటికీ దగ్గరికి ఒక పెద్దాయన వచ్చాడు. బంగారుపాళ్యం అవతల ఏదో పల్లె. రెండు బస్సులు మారి వచ్చాడు. జేబులోంచి ఒక ప్లాస్టిక్ కవర్ తీసి, అందులోంచి ముద్దగా అయిపోయిన కాగితం తీసి చూపించాడు. కాటా చీటీ. వానకు తడిసిపోయింది. అక్షరం కనపడటం లేదు. "నాయనా, ఇంకోటి ఇయ్యిపా" అన్నాడు. ఎంత కాయ పోశాడో రుజువు చేసే కాగితం ఆయన దగ్గర అదొక్కటే.

గుమస్తా లేచి వెళ్లి కట్టలు విప్పడం మొదలుపెట్టాడు. తేదీల వారీగా కట్టిన కట్టలు. నలభై నిమిషాలు వెతికాడు. ఆ పెద్దాయన అంతసేపూ నిలబడే ఉన్నాడు. నన్ను కోసేసిన విషయం ఏమిటంటే, అదే చీటీ స్కాన్ అయ్యి, నా వెనక ఉన్న సర్వర్‌లో భద్రంగా ఉంది. మేమే పెట్టించాం. దాన్ని ఆయన దగ్గరికి చేర్చే దారి మాత్రం మేం వేయలేదు.

ఆ రోజే మేనేజర్‌తో మాట్లాడాను. ఫ్యాక్టరీకి ఒక వెబ్‌సైట్ ఉంది. దాని మీద ఒక చిన్న పెట్టె పెడదాం, రైతు తన ఫోన్ నంబర్ కొడితే ఓటీపీ వస్తుంది, అది కొడితే తన చీటీలు కనపడతాయి. అంతే. దీన్నే విడ్జెట్ అంటాం. పేజీ ఒకరిది, అందులో మన ముక్క ఒకటి కూర్చుంటుంది, ఆ ముక్క వెనక ఉన్న డీఎంఎస్‌తో మాట్లాడుతుంది. రెండు వారాల్లో ఇస్తామన్నాను. సీజన్ ముగిసేదాకా పట్టింది. ఎందుకు పట్టిందో చెప్పడానికే ఇవాళ వచ్చాను.

డీఎంఎస్‌తో మాట్లాడటం కష్టం కాదు. వేర్వేరు డీఎంఎస్‌లతో ఒకే తీరుగా మాట్లాడటానికి సీఎంఐఎస్ అని ఒక ప్రమాణం ఉంది. 2010లో ఒయాసిస్ అనే ప్రమాణాల సంస్థ ఆమోదించింది, 2013లో 1.1 వచ్చింది. ఈ 1.1లోనే బ్రౌజర్‌కి అనుకూలంగా జేసన్ అనే డేటా రూపంలో మాట్లాడే పద్ధతి చేర్చారు. ఫోల్డర్లు, డాక్యుమెంట్లు, వాటి లక్షణాలు, వెర్షన్లు అన్నీ దాని ద్వారా అడగొచ్చు. డేటాబేస్‌ని అడిగే భాష ఎస్‌క్యూఎల్ లాంటి ప్రశ్నలు రాయొచ్చు. అల్ఫ్రెస్కో లాంటి డీఎంఎస్‌లకు ఇదీ ఉంది, వెబ్ ద్వారా అడిగే వాటి సొంత దారి, రెస్ట్ ఏపీఐ, కూడా ఉంది. డాక్యుమెంటేషన్ చదివితే ఒక రోజులో అర్థమవుతుంది. దీని గురించి ఇంతకంటే చెప్పను.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెబుతాను. దీని మీద కాస్త ఎక్కువసేపు నిలబడతాను, ఎందుకంటే మీలో సగం మంది ఇదే చేస్తారు.

రైతులకు డీఎంఎస్‌లో లాగిన్లు లేవు. వేల మందికి యూజర్లు సృష్టించడం కుదరదు. అందుకని మనుషులు కాక ప్రోగ్రామ్ వాడుకునే ఒకే ఒక్క సర్వీస్ ఖాతా పెట్టాం, దానికి చీటీల ఫోల్డర్ మొత్తం చదివే హక్కు ఇచ్చాం. టెస్టింగ్ తొందరగా అవ్వాలని ఆ ఖాతా పేరు, పాస్‌వర్డ్ బ్రౌజర్‌లోకి దిగే జావాస్క్రిప్ట్ ఫైల్లోనే పెట్టేశాను. బేస్64లోకి మార్చి పెట్టాను, చూడగానే అర్థం కాదు కదా అనుకుని. బేస్64 తాళం కాదండీ. లిపి మార్చి రాయడం, అంతే. బ్రౌజర్‌లో కన్సోల్ తెరిచి ఒక్క పదం రాస్తే పాస్‌వర్డ్ బయటికొస్తుంది.

మా దగ్గర ఇంటర్న్‌గా ఒక అమ్మాయి ఉండేది, ఇక్కడి కాలేజీ నుంచే వచ్చింది. ఆమె టెస్ట్ చేస్తూ నా దగ్గరికి వచ్చి, "సార్, ఇది చూడండి" అంది. చీటీ తెరిచే లింకులో చివర చీటీ నంబర్ ఉంది. ఆమె చివరి అంకె ఒకటి మార్చింది. ఇంకో రైతు చీటీ తెరుచుకుంది. పేరు, ఊరు, బండి నంబరు, నికర బరువు, కింద బ్యాంకు ఖాతా నంబరు. ఇంకో అంకె మార్చింది. ఇంకొకాయన. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వెబ్ భద్రత మీద ఓవాస్ప్ అనే సంస్థ ఒక జాబితా వేస్తుంది, 2021 జాబితాలో మొదటి స్థానం ఈ జబ్బుకే ఇచ్చారు. అడిగినవాడికి హక్కు ఉందా లేదా చూడకుండా ఇచ్చేయడం. అప్పటికి ఇంకా లైవ్‌లో పెట్టలేదు కాబట్టి ఏ రైతుకూ నష్టం జరగలేదు.

మన ఊరి ఉదాహరణే చెబుతాను. సర్వదర్శనం టైమ్ స్లాట్ టోకెన్లు మీ అందరికీ తెలుసు. శ్రీనివాసం దగ్గరో, విష్ణునివాసం దగ్గరో, అలిపిరి కింద భూదేవి కాంప్లెక్స్‌లోనో ఇస్తారు. ఆధార్ చూసి ఇస్తారు. దాని మీద తేదీ ఉంటుంది, టైమ్ ఉంటుంది. నాది మీరు పట్టుకెళ్తే చెల్లదు. ఆ టోకెన్ చేతికిచ్చినంత మాత్రాన మీకు ఎవరూ గుడి తాళాలు ఇచ్చినట్టు కాదు. నా మొదటి విడ్జెట్ చేసిన పని అదే, వచ్చిన ప్రతి మనిషి చేతికీ తాళాల గుత్తి ఇచ్చి పంపడం.

అందుకని మధ్యలో ఒక చిన్న సర్వీస్ పెట్టాం. డీఎంఎస్ పాస్‌వర్డ్ దానికి మాత్రమే తెలుసు, అది ఫ్యాక్టరీ సర్వర్ దాటి బయటికి రాదు. రైతు ఓటీపీ కొట్టగానే ఆ సర్వీస్ ఒక టోకెన్ ఇస్తుంది. అందులో ఆ రైతు గుర్తింపు ఉంటుంది, ఎప్పటిదాకా చెల్లుతుందో ఉంటుంది. మేం పదిహేను నిమిషాలు పెట్టాం. దాని మీద సర్వర్ సంతకం ఉంటుంది కాబట్టి మధ్యలో ఎవరూ మార్చలేరు.

ఇక్కడ ఒక కీలకం ఉంది. విడ్జెట్ "ఫలానా రైతు చీటీలు ఇవ్వు" అని అడిగితే, ఆ ఫలానా అనే మాటను సర్వీస్ పట్టించుకోకూడదు. రైతు ఎవరన్నది టోకెన్‌లోంచే తీసుకోవాలి. ఏ చీటీ అడిగినా, అది ఆ రైతుదేనా అని డీఎంఎస్‌లో చూసిన తర్వాతే తెరవాలి. తనది కాని చీటీ అడిగితే "నీకు అనుమతి లేదు" అని కూడా చెప్పం. "అలాంటిది లేదు" అంటాం, 404. అనుమతి లేదు అంటే అలాంటి చీటీ ఒకటి ఉందని ఒప్పుకున్నట్టే కదా. బ్యాంకు ఖాతా నంబర్‌లో చివరి నాలుగు అంకెలు తప్ప మిగతావన్నీ సర్వర్ దగ్గరే చెరిపేసి పంపుతాం. విడ్జెట్ దాకా పంపి అక్కడ నక్షత్రాలు పెడితే లాభం లేదు.

(సభలోంచి: ఓటీపీ బదులు ఆధార్ నంబర్ పెట్టొచ్చు కదా సార్?)

పెట్టొద్దు. చీటీ చూపించడానికి మనకు ఆధార్ అవసరం లేదు. అవసరం లేనిది తీసుకుంటే దాన్ని కాపాడే బాధ్యత కూడా మన నెత్తినే పడుతుంది. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా పనికి కావలసినంత వరకే తీసుకోమంటుంది. అయితే ఫోన్ నంబర్‌తో ఒక ఇబ్బంది ఉంది, అది మీరు అడగకముందే చెబుతాను. చాలా ఇళ్లల్లో ఫోన్ కొడుకు చేతిలో ఉంటుంది, ఆ కొడుకు బెంగళూరులోనో చెన్నైలోనో ఉంటాడు. ఓటీపీ అక్కడికి పోతుంది. ఒకే నంబర్ అన్నదమ్ములిద్దరి పేర్లకూ ఇచ్చినవాళ్లు ఉన్నారు. అందుకని కాటా దగ్గర కూర్చునే గుమస్తాకు ఒక చిన్న స్క్రీన్ చేసిచ్చాం. బండి తూకం వేసేటప్పుడే "ఈ చీటీ ఏ నంబర్‌కి పంపాలన్నా?" అని అడిగి అక్కడే కలుపుతాడు. ఆ ప్రశ్న అడగడం మొదలుపెట్టాక ఫిర్యాదులు బాగా తగ్గాయి.

ఇక విడ్జెట్‌ని పేజీలో ఎలా కూర్చోబెట్టాలి. రెండు దారులు. ఐఫ్రేమ్, అంటే పేజీలో ఇంకో పేజీని చూపించే చట్రం, లేదా ఒక స్క్రిప్ట్ లైను.

మొదట ఐఫ్రేమ్ పెట్టాం, లోపల కుకీతో, అంటే బ్రౌజర్ దాచుకునే చిన్న గుర్తుతో, లాగిన్. ల్యాప్‌టాప్‌లో టెస్ట్ సర్వర్ మీద చక్కగా నడిచింది. అసలు సైట్ మీద పెట్టగానే రైతు ఓటీపీ కొడతాడు, లోపలికి వెళ్తాడు, మళ్లీ ఓటీపీ అడుగుతుంది. మళ్లీ కొడతాడు, మళ్లీ అడుగుతుంది. టెన్షన్‌తో రెండు రోజులు కోడ్ అంతా తిరగేశాం. కోడ్‌లో ఏమీ లేదు. వెబ్‌సైట్ ఒక డొమైన్, మా సర్వీస్ ఇంకో డొమైన్. 2020 ఫిబ్రవరిలో వచ్చిన క్రోమ్ 80 నుంచి, కుకీ మీద సేమ్‌సైట్=నన్, అంటే వేరే సైట్లలో కూడా పంపొచ్చు, అని స్పష్టంగా రాయకపోతే బ్రౌజర్ దాన్ని వేరే సైటు ఐఫ్రేమ్‌లోకి పంపదు. సఫారీ అయితే అదే ఏడాది మార్చి నుంచి మూడో పక్షం కుకీలను, అంటే తెరిచిన సైటువి కాని కుకీలను, పూర్తిగానే ఆపేసింది. మా టెస్ట్ సర్వర్‌లో రెండూ ఒకే డొమైన్ మీద ఉన్నాయి కాబట్టి మాకు కనపడలేదు. అందుకే చెబుతున్నాను, టెస్టింగ్ మొదటి రోజు నుంచే రెండు వేర్వేరు డొమైన్ల మీద చేయండి.

తర్వాత స్క్రిప్ట్ దారి పట్టాం. వెబ్‌సైట్ చూసుకునే అతను తన పేజీలో ఒక్క లైను అతికిస్తాడు, విడ్జెట్ అక్కడ మొలుస్తుంది. కుకీ లేదు, టోకెన్ పేజీ తెరిచి ఉన్నంతసేపు మెమరీలో ఉంటుంది, అంతే. ఇక్కడ కార్స్ వస్తుంది. ఒక చోటి నుంచి వచ్చిన పేజీ ఇంకో చోటి సమాధానాన్ని చదవకూడదన్న నియమం 1995లో నెట్‌స్కేప్ కాలం నుంచీ ఉంది. చదవొచ్చు అని అవతలి సర్వర్ తన సమాధానంతో పంపే హెడర్‌లో చెప్పాలి, ఆ ఏర్పాటే కార్స్. చాలామంది విసిగిపోయి అక్కడ నక్షత్రం గుర్తు పెట్టేస్తారు, ఎవరైనా రావొచ్చని. మనం ఫ్యాక్టరీ వెబ్‌సైట్ చిరునామా ఒక్కటే రాద్దాం. ఒకటి గుర్తుంచుకోండి, కార్స్ అనేది బ్రౌజర్‌ని ఆపుతుంది, నేరుగా సర్వర్‌ని అడిగేవాణ్ణి ఆపదు. వాణ్ణి ఆపాల్సింది టోకెన్.

స్టైల్ సంగతి ఒక్క మాట. పేజీ రూపాన్ని నిర్ణయించే సీఎస్ఎస్ మన విడ్జెట్ మీద పడి, అక్షరాలు పెద్దవై, బటన్ మాయమైంది. బయటి సీఎస్ఎస్ నుంచి వేరుచేసే షాడో డామ్ లోపల పెట్టాం, సర్దుకుంది.

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన భాగానికి వస్తున్నాను. కాగితాన్ని ఎలా గుర్తుపట్టాలి?

మన కొండ మీద అన్నమాచార్యుల సంకీర్తనలు రాగిరేకుల మీద చెక్కి ఒక చిన్న గదిలో దాచారు. తాళ్లపాక అర అన్నారు దాన్ని, సంకీర్తన భాండాగారం. ఆ రేకులు పరిష్కరించి అచ్చువేసిన సంపుటాలు తెరిచి చూడండి. ప్రతి సంకీర్తన దగ్గరా రేకు సంఖ్య ఉంటుంది, ఆ రేకు మీద ఎన్నో పాటో ఉంటుంది, రాగం పేరు ఉంటుంది. ఆ రాగం పేరు పరిశోధకులు చేర్చింది కాదు, రేకు మీదే చెక్కి ఉంది. మనం మెటాడేటా అంటున్నది ఇదే. పాట, దాని పక్కనే దాని వివరం, రెండూ ఒకే రేకు మీద. రేకు గది మారినా, సంపుటం మారినా, ఆ పాట ఏ రేకుదో తప్పిపోదు.

మా ఫ్యాక్టరీలో డీఎంఎస్ రాకముందు పరిస్థితి వేరు. స్కాన్ చేసిన ఫైలు పేరులోనే అన్నీ ఇరికించేవాళ్లు. మండలం, గ్రామం, రైతు పేరు, తండ్రి పేరు, ట్రాక్టర్ నంబరు, తేదీ, అంతా తెలుగులో. విండోస్‌లో బాగానే ఉన్నాయి. లైనక్స్ సర్వర్‌కి కాపీ చేస్తుంటే వందల ఫైళ్లు రాలేదు. పేరు మరీ పొడుగు అంటుంది. లెక్క చూడండి. విండోస్ ఫైలు పేరుకు 255 యూనిట్లు ఇస్తుంది, తెలుగులో ఒక్కో కోడ్, అంటే కంప్యూటర్ ఒక్కో గుర్తుకు ఇచ్చే సంఖ్య, అక్కడ ఒక యూనిట్. లైనక్స్‌లో మామూలుగా 255 బైట్లు. అక్కడ వాడే యూటీఎఫ్-8 అనే రాత పద్ధతిలో తెలుగు కోడ్ ఒక్కోటి మూడు బైట్లు. అంటే 85 కోడ్లకే పేరు నిండిపోతుంది. అందులోనూ గుణింతం, ఒత్తు వేరే కోడ్లు. "తిరుపతి" అంటే కంటికి నాలుగు అక్షరాలు, లోపల ఏడు కోడ్లు, 21 బైట్లు. అదే లింకులోకి వెళ్తే శాతం గుర్తులతో కలిపి 63 అక్షరాలు. ఒక ఊరి పేరుకే ఇంత!

పేరుతో వెతుకుదామంటే ఇంకో కష్టం. "రైతు" అనే మాటే తీసుకోండి. ఐత్వాన్ని ఒకే కోడ్‌గా రాయొచ్చు, లేదా ఎత్వం పక్కన ఐ గుర్తు పెట్టి రెండు కోడ్లుగా రాయొచ్చు. తెర మీద రెండూ ఒకేలా ఉంటాయి. పోల్చి చూస్తే కంప్యూటర్ రెండూ వేరంటుంది. దీనికి అక్షరాలకు కోడ్లు ఇచ్చే ప్రమాణం యూనికోడ్‌లోనే మందు ఉంది, ఎన్ఎఫ్‌సీ రూపంలోకి మారిస్తే రెండూ ఒకటవుతాయి. దాచేటప్పుడూ మార్చాలి, వెతికేటప్పుడూ మార్చాలి. అయితే పొల్లు తర్వాత కనపడకుండా కూర్చునే జీరో విడ్త్ నాన్ జాయినర్‌ని ఎన్ఎఫ్‌సీ తీసేయదు, వెతుకుడు కోసం దాన్ని మనమే తీసేయాలి. ఇవన్నీ చేసినా, మునిస్వామి, మునుసామి, మునస్వామి అని ఒకే మనిషి పేరును ముగ్గురు గుమస్తాలు మూడు రకాలుగా రాస్తే ఏ ప్రమాణమూ కాపాడలేదు. మన వైపు పేర్లు పలికేదొకటి, రాసేదొకటి.

అందుకే పేరుతో వెతకడం విడ్జెట్‌లో అసలు పెట్టలేదు. ప్రతి రైతుకు ఒక సంఖ్య, ప్రతి చీటీకి డీఎంఎస్ ఇచ్చే గుర్తింపు. పేరు, ఊరు, తేదీ, లోడు బరువు, ఖాళీ బండి బరువు, తరుగు, నికరం, ఇవన్నీ చీటీకి లక్షణాలుగా పక్కన ఉంటాయి. ఫైలు పేరు ఏదైనా ఫర్వాలేదు.

ఆ గుర్తింపు దగ్గర కూడా మేం ఒకసారి పడ్డాం. ఒక రోజు ఒకాయన ఫోన్ పట్టుకుని ఆఫీసుకి వచ్చి గట్టిగా అరిచాడు. ఖాళీ బండి బరువు తప్పు పడింది, సరిచేస్తామన్నారు, ఇప్పటికీ పాత లెక్కే చూపిస్తోందని. 180 కిలోల తేడా. కిలో 12 చొప్పున 2,160 రూపాయలు. గుమస్తా డీఎంఎస్‌లో చూస్తే సరిచేసిన చీటీ ఉంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

ఏమైందంటే, సీఎంఐఎస్‌లో అడిగినప్పుడు మాకు వచ్చిన గుర్తింపు చివర సెమీకోలన్ పెట్టి 1.0 అని ఉంది. అది వెర్షన్ సంఖ్య. మేం దాన్ని అలాగే మా టేబుల్లో దాచుకున్నాం. గుమస్తా సరిచేసిన చీటీ 1.1గా చేరింది. మేం ప్రతిసారీ 1.0 ఇవ్వమనే అడుగుతున్నాం, అది ఇస్తోంది. సెమీకోలన్ నుంచి చివరిదాకా తీసేసి అడిగితే తాజాది వస్తుంది. ఒక్క లైను మార్పు. ఆ ఒక్క లైను వల్ల ఒక మనిషి ఒక పూట పని మానుకుని వచ్చి, నలుగురిలో గొంతు పెంచాల్సి వచ్చింది. ఇప్పుడు విడ్జెట్‌లో చీటీ పక్కనే "ఫలానా తేదీన సరిచేశారు" అని రాస్తాం, నొక్కితే పాతది కూడా కనపడుతుంది. రెండూ చూడగలిగితేనే ఆయనకు నమ్మకం.

(సభలోంచి: స్కాన్ చేసిన వెంటనే కనపడుతుందా?)

మంచి ప్రశ్న. వెతికితే వెంటనే కనపడకపోవచ్చు. డీఎంఎస్ డాక్యుమెంట్‌ని ముందు డేటాబేస్‌లో రాసుకుంటుంది, వెతుకుడు సూచీలోకి ఎక్కడానికి ఇంకొన్ని సెకన్లు పడుతుంది. కాటా దగ్గరే నిలబడి ఫోన్ చూసుకునే రైతుకు ఆ కొన్ని సెకన్లే "రాలేదు సార్" అనిపిస్తాయి. కొత్త చీటీ గుర్తింపు మన సర్వీస్‌కి ముందే తెలుసు కాబట్టి, దాన్ని వెతక్కుండా గుర్తింపుతో నేరుగా తెప్పిస్తాం. అలా అడిగితే సూచీతో పని లేదు.

(ఇంకొకరు: రియాక్ట్‌లో రాశారా?)

లేదు. మామూలు జావాస్క్రిప్ట్. రియాక్ట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ మీద నాకేమీ కోపం లేదు, మా వేరే పనులన్నీ అందులోనే చేస్తాం. ఇక్కడ తెరిచేది మామిడి తోటలో, ఒక గీత సిగ్నల్ మీద. ఒక పెట్టె, ఒక జాబితా, ఒక బొమ్మ కోసం అంత మూట మోయించడం న్యాయం కాదనిపించింది. చీటీ కూడా పూర్తి పీడీఎఫ్ పంపం. ముందు బరువులు అక్షరాల్లో పంపుతాం, అది కొన్ని వందల బైట్లు. తర్వాత చిన్న బొమ్మ. అసలు స్కాన్ కావాలంటే నొక్కాలి, అప్పుడే దిగుతుంది. బరువు చూసుకోవడానికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఆ అక్షరాల దగ్గరే ఆగిపోతున్నారు. వాళ్లకు కావలసింది ఆ నికరం అంకే. అందుకే దాన్ని అన్నిటికంటే పెద్దగా వేశాం, ఎండలో కూడా కనపడాలని తెలుపు మీద నలుపు పెట్టాం.

ఆ పెద్దాయన మళ్లీ వచ్చాడా అని ఇందాక టీ తాగేటప్పుడు ఒకరు అడిగారు. ఆయన రాలేదు. ఆయన మనవరాలు ఫోన్ చేసింది. తాత చీటీలు మూడూ కనపడుతున్నాయట, నాలుగో బండిది ఎందుకు లేదని అడిగింది. గుమస్తా చూశాడు. ఆ రోజు కాటా దగ్గర కరెంటు పోయి, చేత్తో రాసిన చీటీ ఇచ్చారు, స్కాన్ చేయడం మరిచిపోయారు. కట్టలో దొరికింది. సాయంత్రానికి ఎక్కించారు.

సరే, ఇప్పుడు చూపిస్తాను. నా టెస్ట్ సర్వర్‌లో ఉత్తుత్తి చీటీలు ఉన్నాయి, నిజమైన రైతులవి కావు. నాకు మీలో ఒకరి ఫోన్ కావాలి. ఇక్కడి వైఫై మీద ఉన్నది వద్దు, మొబైల్ డేటా మీద ఉన్నది ఇవ్వండి. ఆ మూల కూర్చున్నారు చూడండి, మీకు అక్కడ సిగ్నల్ సరిగ్గా రావడం లేదన్నారు కదా, మీదే ఇవ్వండి. అక్కడే కూర్చుని తెరవండి, నేనే అక్కడికి వస్తాను.